ముందు కుడికి జరుపు

1975 జూలై, నెలలో చివరి శుక్రవారం. ఫిజీ, లౌటోకా. పొద్దున ఎండ, మధ్యాహ్నం నుంచి కొండవైపు గాలి.

హాజరైనవారు: మా దుకాణంలో పెద్ద ఫిట్టరు, నేను, బస్సు డ్రైవరు, బ్యాంకు ఆఫీసరు, పిస్టల్ క్లబ్బు సెక్రటరీ దొర. రానివారు: మా సేఠ్. వస్తానని చెప్పి రాకపోవడం ఆయన అలవాటు కనుక రానివారిలో రాశాను. లేకపోతే రానివారి జాబితాలో ఊరంతా వస్తుంది.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. పనిచేసిన రోజులన్నిటికీ నా దగ్గర ఇలాంటి పేజీలున్నాయి. మా ఆవిడ ఆ డైరీలన్నిటినీ బియ్యం డబ్బాల పక్కన పెట్టించింది, రెండూ పురుగు పట్టేవే కదా అని. మన తెలుగు సంఘంవారు వార్షిక సంచికకు ఉద్యోగ జ్ఞాపకం ఒకటి రాయమన్నప్పుడు కింద కూర్చుని వాటన్నిటినీ తిరగేశాను. ఎక్కువ పేజీల్లో కుట్టుమిషను బెల్టు మార్చానని ఉంది. తక్కిన పేజీల్లో మార్చిన బెల్టు మళ్లీ తెగిందని ఉంది. పిల్లలకు చెప్పదగ్గది ఈ శుక్రవారం ఒక్కటే కనబడింది.

పిల్లలంటే ఈ సంచికలో తెలుగు పేజీలు చదవగలిగిన పిల్లలు. మీరు ఎంతమందో నాకు తెలుసు. మీ అందరికీ అక్షరాలు దిద్దించింది నేనే. పేరుపేరునా పిలిచి చెప్పినా ఎక్కువ కాగితం పట్టదు. కానీ ఈ కథలో ఎవరి పేరూ రాయనని నిర్ణయించుకున్నాను కాబట్టి మీవీ రాయను. మన దీవి చిన్నది. పొద్దున పేరు రాస్తే సాయంత్రానికి మనవడెవడో వచ్చి గుమ్మంలో నిలబడతాడు.

నేను పనిచేసిన దుకాణం బోర్డు మీద కుట్టుమిషన్లు, తాళాలు, తుపాకులు అని వరసగా రాసి ఉండేది. పని కూడా ఆ వరసలోనే వచ్చేది. తుపాకులంటే చాలావరకు అడవిపందుల కోసం రైతులు ఉంచుకున్నవి. ఇక ఊరి బయట, చెరకు తోటల అవతల కొండకింద ఒక పిస్టల్ క్లబ్బు ఉండేది. క్లబ్బు పిస్టళ్ల మరమ్మతు కూడా మాదే. సేఠ్ గల్లా దగ్గర కూర్చునేవాడు. వెనక గదిలో ఇద్దరం ఫిట్టర్లం.

పెద్ద ఫిట్టరుది పక్క దీవిలో లంబాసా వైపు టాబియా అనే ఊరు. చెరకు నరకడం ఇష్టం లేక కుర్రతనంలోనే ఓడెక్కి ఈ దీవికి వచ్చేశాడు. ఆయన్ని నేను మామా అనేవాణ్ణి. ఆయన నాకు మామ కాదు. అటునుంచి వచ్చిన తెలుగువాళ్లందరూ ఒకరికొకరు ఏదో ఒకటి అవుతారు. అది లెక్కకట్టే ఓపిక లేక నేను మామా అన్నాను, ఆయన అల్లుడా అన్నాడు. ఆయనకు కూతుళ్లు లేరు కాబట్టి ఆ పిలుపు వల్ల ఎవరికీ ఇబ్బంది రాలేదు.

మామకు తెలుగంటే ప్రాణం. ఆదివారాలు భజన అయ్యాక పిల్లల్ని కూర్చోబెట్టి అ ఆలు చెప్పేవాడు. మన భాష ఈ దేశంలో ఇంకా బతికి ఉందంటే తన వల్లేనని పైకి అనేవాడు కాదు గాని, ఇంకెవరైనా అంటే కాదనేవాడు కాదు. అయినా పనిలో మేం మాట్లాడింది హిందీయే, మన ఫిజీ హిందీ. పనిముట్ల పేర్లు ఇంగ్లీషు. తెలుగు బయటికి వచ్చేది దేవుడి దగ్గర, ఇంట్లో ముసలివాళ్ల దగ్గర, మళ్లీ దుకాణంలో గిరాకీ ఎదుట రహస్యం చెప్పుకోవలసి వచ్చినప్పుడు. ఆ మూడో పనికి అది చాలా బాగా పనికొచ్చేది. ఆ శుక్రవారం దాకా.

ఇక్కడ పనిగురించి కాస్త చెప్పాలి. పిస్టల్ మీద గురి చూడటానికి రెండు చిన్న పలకలుంటాయి. ఒకటి గొట్టం చివర నిటారుగా నిలబడి ఉంటుంది. ఇంకొకటి కాల్చేవాడి కంటికి దగ్గరగా ఉంటుంది, దానికి నడుమ ఒక గంటు. ఆ గంటులో ఈ నిటారు పలకను నిలబెట్టి కాల్చాలి. గుండు చూసిన చోట కాక పక్కన పడుతుంటే, పలకను దాని గాడిలో ఇటో అటో కాస్త తట్టి జరపాలి. కంటి దగ్గర పలకను ఎటు జరిపితే గుండు అటే పోతుంది. చివరి పలకను జరిపితే గుండు దానికి ఎదురు దిక్కుకు పోతుంది. ఎందుకని అడగకండి, కాగితం మీద గీసి చూసుకోండి. రెండూ ఒకదానికొకటి ఎదురు అని గుర్తుంటే ఈ కథకు చాలు. మా దుకాణంలో చివరిదాన్ని ఫోర్‌సైట్ అనీ, కంటి దగ్గరదాన్ని బ్యాక్‌సైట్ అనీ అనేవాళ్లం. ఆ రెండు మాటలతో ఎన్నో ఏళ్లు ఏ గొడవా లేకుండా గడిచాయి.

గురి సరిచేసేటప్పుడు మామ పెట్టిన కట్టుబాటు ఒకటుంది. చూసేవాడు ముట్టుకోకూడదు, ముట్టుకునేవాడు చూడకూడదు. ఒకసారి ఒక రైతు రైఫిల్‌కి ఇద్దరం గురి చూసి, ఒకరికి తెలియకుండా ఒకరం సరిచేశాం. ఆ రైతు పంది మీద గురిపెట్టి పొరుగువాడి నీళ్ల డ్రమ్ముకు చిల్లు పెట్టాడు. పంది నీళ్లు తాగి వెళ్లిందని ఊళ్లో చెప్పుకున్నారు. అప్పటినుంచి మామ దుర్భిణి దగ్గర కూర్చుని కాగితం చూసేవాడు. నేను వెనక రేకుల షెడ్డులో బెంచీ దగ్గర ఇత్తడి మేకు, చిన్న సుత్తి పట్టుకుని నిలబడేవాణ్ణి. ఆయన ఇంత ఇటు జరుపు అంటే జరపాలి. గుండు ఎక్కడ పడిందని నేను అడగకూడదు, ఆయన చెప్పడు. చెబితే నేను ఆలోచిస్తానట. ఆలోచించే పని తనదట.

ఇప్పుడు బస్సు డ్రైవరు సంగతి. అతను లౌటోకా నుంచి బా వైపు బస్సు నడిపేవాడు. కైవీతి మనిషి, అంటే ఈ దీవుల మూలజాతివాడు, మా దుకాణంలోకి రావాలంటే తల వంచాలి. హిందీ మాకన్నా శుభ్రంగా మాట్లాడేవాడు. అంత పెద్ద చేతిలో ఆ ఇరవై రెండు బోరు పిస్టల్ కనబడేదే కాదు, ఉత్త వేలితో దేన్నో చూపిస్తున్నట్టుండేది. కానీ ఆ చెయ్యి కదిలేది కాదు. పసిఫిక్ దీవుల మధ్య జరిగే ఆటలకు మా వైపు నుంచి ముగ్గురిని పంపేవారు. అంతకుముందు రెండు ఎంపికల్లోనూ అతను నాలుగోవాడు. నాలుగోవాడికి అందరూ భుజం తడతారు. ఓడిన మిగతా వాళ్ల జోలికి ఎవరూ పోరు, నాలుగోవాణ్ణి మాత్రం ఏడాదంతా తడుతూనే ఉంటారు.

ఈసారి ఎంపిక శనివారం పొద్దున. చిక్కేమిటంటే, అతని ఊరివాళ్లు బుధవారమే వీడ్కోలు చేసేశారు. శనివారం నాటికి ఊరి పెద్ద సూవాలో ఉంటాడు, ఆయన లేకుండా వేడుకల్లో తాగే యంగోనా వేరురసం గిన్నె బయటికి తీయకూడదు. అందుకని తొందరపడ్డారు. పాటలు పాడారు, దండలు వేశారు, ముసలివాళ్లు కన్నీళ్లు పెట్టుకున్నారు. పరాయి దేశంలో పడుకోవడానికి వాళ్లమ్మ కొత్త చాప అల్లి ఇచ్చింది. ఎంపిక ఇంకా కాలేదని అతను చెప్పబోతే, అయితే కానివ్వు, నువ్వెలాగూ వెళ్లేవాడివే కదా అని ఊరి పెద్ద అన్నాడట. అంత జరిగాక మళ్లీ ఊళ్లో అడుగుపెట్టాలంటే విమానం దిగి రావాలే తప్ప వేరే దారి లేదు.

ఆ వారమే అతను కాల్చే క్లబ్బు పిస్టల్‌కి కంటి దగ్గర పలక విరిగింది. పైదేశం నుంచి కొత్తది తెప్పించేలోపు ఆటలైపోతాయి. మామ ఉక్కు ముక్క ఒకటి తీసుకుని ఆకురాయితో అరగదీసి కొత్త పలక చేశాడు. చక్కగా కుదిరింది. దాన్ని బిగించి, కాల్చి చూసి, గురి సరిచేయడానికే ఆ శుక్రవారం సాయంత్రం కొండకిందికి వెళ్లాం.

డ్రైవరు పిస్టల్ నా చేతికిస్తూ హిందీలో నెమ్మదిగా అన్నాడు. “భయ్యా, రేపు మళ్లీ నాలుగోవాణ్ణయితే నేను బస్సులోనే కాపురం పెట్టాలి. చాప ఎలాగూ ఉంది.”

నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. కానీ అతను చెయ్యి చొక్కాకు తుడుచుకున్నాడు, అంతకుముందు ఎప్పుడూ తుడుచుకోలేదు.

బ్యాంకు ఆఫీసరు అప్పటికే అక్కడున్నాడు. తెల్ల బూట్లు, సొంత పిస్టల్, దానికి వెల్వెట్ పెట్టె. ఎంపికలో ఎప్పుడూ మొదటివాడు. ఇంగ్లీషు వచ్చు, లౌటోకాలో పుట్టి పెరిగినవాడు కాబట్టి హిందీ మంచినీళ్లు. పక్క వరసలో కాలుస్తూ, మధ్యలో పలకరింపుగా మావైపు చూస్తున్నాడు. అది పలకరింపో పరిశీలనో మామ ఒక్క చూపులో తేల్చేశాడు.

“అల్లుడా, ఇవాళ తెలుగులోనే మాటాడుకుందుం,” అన్నాడు నా చెవిలో. “మనోడి గుండ్లు ఎటు పోతన్నాయో ఆ బ్యాంకాయనకి తెలవకూడదు. ఇంగ్లీషు ముక్క నోట రానీకు. ఫోర్‌సైటు గీర్‌సైటు అన్నావంటే పట్టేస్తాడు.”

నాకు ఎంతో సంతోషమేసింది. చిన్నప్పుడు దొంగాట ఆడుకున్నట్టు అనిపించింది. పైగా దేవుడికి తప్ప ఎవరికీ వినిపించని భాష ఒకసారి పనిలోకి దిగుతోంది. ఆ బ్యాంకు ఆఫీసరు మా గుండ్ల జాడ తెలుసుకుని ఏం చేసుకుంటాడని మాత్రం ఇద్దరికీ తట్టలేదు.

కాల్పులు మొదలన్న గుర్తుగా సెక్రటరీ దొర ఎర్ర జెండా ఎగరేశాడు. ఆయన సర్వే శాఖలో పనిచేసి, స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఇక్కడే ఉండిపోయినవాడు. దేశం మారినా ఆయన నిబంధనలు మారలేదు. డ్రైవరు ఒక దఫా కాల్చి, పిస్టల్ ఖాళీ చేసి, తెరిచి, నా బెంచీ మీద పెట్టాడు. మామ దుర్భిణి మీంచి కన్ను తీయకుండా అన్నాడు:

“ముందు కుడికి జరుపు.”

ముందుది కుడికి. అంటే చివరి పలక. సరే. గుడ్డ చుట్టి పిస్టల్‌ని బెంచీకున్న ఇనప పట్టులో బిగించాను. అది మొదట ఎక్కడుందో తెలిసేలా పలక మీదా గొట్టం మీదా కలిపి సన్నగా ఒక గీత గీశాను. ఇత్తడి మేకు ఆనించి, వెంట్రుకవాసి కుడికి తట్టాను. చివరి పలకను కుడికి జరపమన్నాడంటే గుండ్లు కుడివైపు పోతున్నాయన్నమాట, ఇక ఎడమకి తిరుగుతాయి అని మనసులో అనుకున్నాను. ఆలోచించవద్దన్నా ఆ మాత్రం ఆలోచన వస్తుంది.

రెండో దఫా. మామ దుర్భిణిని మళ్లీ సరిచేసుకున్నాడు. తర్వాత, “ముందు ఇంకాస్త కుడికి,” అన్నాడు.

తట్టాను. మూడో దఫా.

“జరిపినావా లేదా?”

“జరిపాను మామా.”

“ఏటి జరిపినావు, కొత్త పెళ్లికూతుర్ని జరిపినట్టు? గట్టిగా కొట్టు.”

గట్టిగానే కొట్టాను. మామ కట్టుబాటుకు కట్టుబడి, నేను కాగితంవైపు తల కూడా తిప్పలేదు. మామ తన కట్టుబాటుకు కట్టుబడి పిస్టల్‌వైపు తల తిప్పలేదు. అంత క్రమశిక్షణతో పనిచేసే ఇద్దరు మనుషులు ఆ సాయంత్రం దీవి మొత్తం మీద ఇంకెక్కడా ఉండి ఉండరు.

నాలుగో దఫా తర్వాత మామ కాగితం మీద ఎడమ అంచున ఒక నల్ల చుక్క చూసి, అదుగో అక్కడొకటుంది అన్నాడు. దొర వెళ్లి చూసి, అది గుండు రంధ్రం కాదు, ఎక్కడో చెరకు తగలబెడితే ఎగిరొచ్చిన మసి అని వేలితో తుడిచేసి వచ్చాడు. గుండ్లు అసలు కాగితం మీదే లేవు. మామ తల గోక్కున్నాడు. గాలి అన్నాడు. తర్వాత గుళ్లలో మందు పాతబడిందన్నాడు. తర్వాత డ్రైవరువైపు తిరిగి, నువ్వు మీట లాగేటప్పుడు కుదుపుతున్నావు అని హిందీలో అన్నాడు.

ఆ మాటతో డ్రైవరు నిజంగానే కుదపడం మొదలుపెట్టాడు. రాయిలా నిలబడే ఆ చెయ్యి చివర కాస్త వణకడం నేను చూశాను. కాల్చేవాడికి ఒకసారి తన చేతి మీద అనుమానం వస్తే ఏ ఫిట్టరూ దాన్ని తట్టి సరిచేయలేడు. అతను నుదురు తుడుచుకుని, మా బస్సులో బ్రేకు కొట్టీ కొట్టీ వేలు పాడైపోయిందేమో అన్నాడు. బ్రేకు కాలితో కదా కొట్టేది అని కూడా ఎవరూ అనలేదు.

గుళ్లు అయిపోవచ్చాయి. నేను డబ్బా వంచి చూస్తుంటే, బ్యాంకు ఆఫీసరు తన వెల్వెట్ పెట్టెలోంచి కొత్త గుళ్ల డబ్బా తీసి మా బెంచీ మీద పెట్టాడు. రేపు అతను నా పక్కన లేకపోతే నాకేం బాగుంటుంది అని నాతో హిందీలో అన్నాడు. మళ్లీ, ఇందాకటి నుంచీ అడుగుదామనుకుంటున్నాను, మీరిద్దరూ ఏ భాషలో పోట్లాడుకుంటున్నారు అనీ అడిగాడు. పోట్లాట కాదండీ, పని చేసుకుంటున్నాం అన్నాను.

అప్పుడు డ్రైవరు పిస్టల్‌ని వెలుతురుకేసి పట్టుకుని కాసేపు చూశాడు. మా ఇద్దరి మధ్యకూ వచ్చి నిలబడి, ఎవరినీ ప్రత్యేకంగా చూడకుండా హిందీలో అడిగాడు.

“కాకా, కౌన్‌వాలా హిలాతా? ఆగే వాలా కి పీఛే వాలా?”

కదిలిస్తున్నది ముందున్నదా, వెనకున్నదా అని.

“ఆగే వాలా,” అన్నాను నేను.

“పీఛే వాలా,” అన్నాడు మామ.

ఇద్దరం ఒక్కసారే అన్నాం. మామ లేచాడు. దుర్భిణి వదిలి బెంచీ దగ్గరికి వచ్చి పిస్టల్ చేతిలోకి తీసుకున్నాడు. గొట్టం చివర పలక గాడిలోంచి సగం బయటికి, దూలం మీంచి తొంగిచూస్తున్న పిల్లిలా ఉంది. తను ఆకురాయితో అరగదీసి చేసిన పలక పెట్టినచోటే పెట్టినట్టుంది.

“ఏటిది?”

“ముందుది, మామా.”

“ముందుదాన్నెవడు జరపమన్నాడు?”

“నువ్వే. ముందు కుడికి జరుపు అన్నావు.”

“ముందు జరుపు అంటే ముందుగాల జరుపు అని. తరవాత ఎత్తూ పల్లం చూసుకుందుమని.”

“ముందుగాల అంటే ముందుగాల అనాలి.”

“ముందు అన్నా అదే.”

“ముందుది అన్నా అదే.”

డ్రైవరు అప్పటికే నవ్వడం మొదలుపెట్టాడు. మొదట భుజాలు కదిలాయి, తర్వాత బెంచీ కదిలింది. ఆ మాట నాకు బాగా తెలుసు అన్నాడు. బా దారిలో తెలుగు ముసలమ్మలు ముందు ఆపు, ముందు ఆపు అని వెనకనుంచి అరుస్తారట. కొందరికి ఇంకాస్త ముందుకు పోయి ఆపాలి. కొందరికి మిగతా పనులన్నీ మాని ముందు ఆపాలి. ఎవరికి ఏదో కనిపెట్టలేక రెండు రకాలుగానూ తిట్లు తిన్నాడట. ఇప్పుడు ఆ మాట వినపడితే చాలు, వెనక్కి తిరిగి ముసలమ్మ ముఖం చూసి గాని బ్రేకు మీద కాలు పెట్టడట. మీరిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు కాకా, అదీ మీ తప్పు అన్నాడు.

గుండ్లు ఎడమకి పోతుంటే మామ కంటి దగ్గర పలకను కుడికి జరపమన్నాడు. నేను చివరి పలకను కుడికి కొట్టి వాటిని ఇంకా ఎడమకి తోశాను. అవి ఎంత ఎడమకి పోతే ఆయన అంత గట్టిగా కుడికి అన్నాడు. ఆయన ఎంత గట్టిగా అంటే నేను అంత గట్టిగా కొట్టాను. ఇంకో రెండు దఫాలు అలాగే పోయి ఉంటే పక్క తోట చెరకు కోతకు వచ్చేది.

దొర ఏమైందని అడిగాడు. ఒక మాటకు రెండు అర్థాలున్నాయండీ అన్నాను. ఏ మాట అన్నాడు. ఫ్రంట్ అన్నాను. దానికి ఒకటే అర్థం కదా అన్నాడు. అవునండీ, మీకు అన్నాను. ఆయన అది నిబంధనల పుస్తకంలో ఎక్కడైనా ఉందేమోనని ఆలోచిస్తూ వెళ్లిపోయాడు.

నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. దొర ఎర్ర జెండా దించడం మొదలుపెట్టాడు. కాగితాల వెనక మట్టిదిబ్బ, దాని వెనక చెరకు రైలు పట్టాలు. ఫ్యాక్టరీకి చెరకు తీసుకుపోయే రైలు సాయంత్రం ఆ దారినే వస్తుంది. అది వచ్చే వేళకు కాల్పులు ఆపేయాలి. ఒక్క దఫా, ఒకే ఒక్క దఫా అని మామ బతిమాలాడు. బ్యాంకు ఆఫీసరు కూడా మా తరఫున మాట్లాడాడు. దొర రైలు రాబోయే వైపు వేలు చూపించి, జెండా మడిచి చంకలో పెట్టుకున్నాడు.

కాల్చి చూసుకునే వీలు లేదు. చివరి పలకను నేను గీసిన గీతకు తిరిగి తెచ్చాను. కంటి దగ్గర పలకను ఎంత జరపాలో మామ మొదటి కాగితం ముందుపెట్టుకుని లెక్కవేశాడు. అన్ని కాగితాల్లోకీ అర్థమున్నది అదొక్కటే. ఆయన చూపించినంత నేను తట్టాను. ఈసారి ఇద్దరం చూశాం, ఇద్దరం ముట్టుకున్నాం. సరిపోయిందో లేదో మాత్రం ఎవరికీ తెలియదు. డ్రైవరు పిస్టల్‌ని పెట్టెలో పెట్టి దొరకు అప్పగించాడు. వాళ్లమ్మ పొద్దున ఊళ్లోని పిల్లలకు తన కొడుకు ఎక్కబోయే విమానం ఎంత పెద్దదో చేతులు చాచి చూపించిందని, అడక్కుండానే చెప్పాడు.

ఇద్దరం ఇంటికి నడిచాం. మార్కెట్ దాకా వచ్చాక మామ ఆగి, “మా అయ్య తెలుగులో ముందుదానికి వేరే మాట ఉండేదిరా,” అన్నాడు. ఏమిటది మామా అన్నాను. “అదే గుర్తు రాటం లేదు,” అన్నాడు.

పిల్లలూ, ముందు అన్న ఆ మాట గురించి తర్వాత ఎన్నోసార్లు ఆలోచించాను. మన ముందు చిత్రమైనది. జరిగిపోయినదాన్ని అంతకుముందు అంటాం. జరగబోయేదాన్ని ముందుముందు అంటాం. ఎదురుగా ఉన్నదీ ముందే, మొదటగా చేయవలసినదీ ముందే. పుట్టినప్పటి నుంచీ ఆ భాషలోనే మునిగి ఉన్నవాళ్లకు ఇందులో ఇబ్బంది రాదు. ఏ ముందో గొంతులోనే తెలిసిపోతుంది. మేం దాన్ని పండగలకే బీరువాలోంచి తీసేవాళ్లం కాబట్టి మడతలన్నీ మరిచిపోయాం. మామ ఆ మాట ఒప్పుకోలేదు. ఎవరికీ అర్థం కాకూడదని తెలుగు మాట్లాడాం, ఎవరికీ అర్థం కాలేదు, అనుకున్న పని అయింది కదా అని చివరిదాకా వాదించాడు. ఆ తర్వాతి ఆదివారం మాత్రం మామ పిల్లలకు అ ఆలు ఆపి ముందు, ముందుగా, ముందుది అని మూడు మాటలు వల్లె వేయించాడు. అప్పటి పిల్లలు ఇప్పుడు తాతలయ్యారు. ఆ మూడు మాటలు మాత్రం తప్పు పలకరు.

ఇక మరునాడు పొద్దున.

గడ్డి మీద ఇంకా మంచు ఆరలేదు. అందరి కాళ్లకూ మట్టి, బ్యాంకు ఆఫీసరు తెల్ల బూట్లకు కూడా. పోటీకి మొదట గురి చూసుకోవడానికి రెండు గుళ్లు ఊరికే కాల్చనిస్తారు, వాటికి మార్కులుండవు. కావాలంటే ఆ రెంటి మధ్య గురి సరిచేసుకోవచ్చు. మామ దుర్భిణి దగ్గర కూర్చున్నాడు. నేను బెంచీ దగ్గర మేకూ సుత్తీ పట్టుకుని నిలబడ్డాను. డ్రైవరు ఖాకీ యూనిఫారంలోనే వచ్చాడు, పోటీ అవ్వగానే బస్సు తీయాలట.

మొదటి గుండు పేలింది. మామ చూశాడు. నల్లటి గుండ్రంలోనే పడింది గాని నడిమికి కాస్త ఎడమగా ఉంది. వెంట్రుకవాసి పని మిగిలిపోయింది. నేను సుత్తి పైకెత్తాను. మామ వెనక్కి తిరిగి నోరు తెరిచాడు.

డ్రైవరు తల తిప్పలేదు. పిస్టల్ పట్టిన చెయ్యి దించలేదు. ఎడమ చెయ్యి మాత్రం మా వైపు అడ్డంగా చాపాడు.

“నహీ కాకా. కౌనో భాషా మే నహీ.”

ఏ భాషలోనూ వద్దన్నాడు.

మార్కులు లేని ఆ రెండో గుండు కూడా కాల్చలేదు. ఎంత ఎడమకి పోతోందో అంత తనే కుడికి పట్టి, పోటీ మొత్తం అలాగే కాల్చాడు. అది అయ్యేదాకా నేను సుత్తిని, మామ నోటిని దాచుకుని నిలబడ్డాం. ఆ చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు. గురి సరిగ్గా లేదని తెలిశాక అతనికి తన చేతి మీద అనుమానం పోయినట్టుంది.

దొర కాగితాలన్నీ కూడి, మళ్లీ కూడి, కళ్లద్దాలు తుడుచుకుని పేర్లు చదివాడు. మొదటిది బ్యాంకు ఆఫీసరుది. రెండోది బా నుంచి వచ్చిన ఒక టీచరుది. మూడోది డ్రైవరుది. నాలుగోవాడికి, అతనికి మధ్య ఉన్న తేడా ఒక గుండు గీత మీద పడిందా, గీత లోపల పడిందా అన్నంత. దొర భూతద్దం పెట్టి చూసి లోపలే అన్నాడు.

డ్రైవరు ఎగరలేదు, అరవలేదు. నాలుగోవాడు ఎవరో కనుక్కుని, ముందు వెళ్లి అతని చెయ్యి పట్టుకున్నాడు, భుజం మాత్రం తట్టలేదు. తర్వాత మా ఇద్దరినీ రెండు చేతులతో కలిపి దగ్గరికి లాక్కుని వదిలి, రోడ్డు మీద ఆపిన బస్సు వైపు పరిగెత్తాడు. అందులో జనం అప్పటికే ఎదురుచూస్తున్నారు.

బా వైపు వెళ్లే బస్సు ఆ పొద్దున చెరకు తోటలు దాటేదాకా హారన్ ఆపలేదు.